బ్యాంకుల అప్పు దేశం నెత్తిన పడిన కాలం: ఐర్లాండ్ ఆర్థిక మంత్రి బ్రయన్ లెనిహన్

డబ్లిన్‌లో ఉద్యోగం చేసే మన తెలుగువాళ్లలో ఎవరి పేస్లిప్ చూసినా ఇన్‌కమ్ ట్యాక్స్ కోత పక్కనే యూఎస్‌సీ అని ఇంకో కోత కనిపిస్తుంది. పూర్తి పేరు యూనివర్సల్ సోషల్ చార్జ్. దేశం చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో, అప్పటికే ఉన్న రెండు లెవీలను ఒకటి చేసి, 2011 జనవరి 1 నుంచి అమల్లో పెట్టారు. గడ్డుకాలం గడిచిపోయినా ఆ కోత అలాగే ఉండిపోయింది. దాన్ని ప్రవేశపెట్టిన ఆర్థిక మంత్రి పేరు బ్రయన్ లెనిహన్. ఆ బడ్జెట్ చదివేనాటికి ఆయనకు క్యాన్సర్ బయటపడి ఏడాది అయింది. ఆ తర్వాత ఆరు నెలలకే, 2011 జూన్ 10న, 52 ఏళ్ల వయసులో చనిపోయారు.

లెనిహన్ పేరెత్తితే ఐర్లాండ్‌లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒక్క రాత్రిలో బ్యాంకుల అప్పంతా జనం మీద రుద్దిన మనిషి అని కొందరంటారు. ప్రాణం మీదికి వచ్చినా కుర్చీ వదలకుండా దేశం కోసం నిలబడ్డ మనిషి అని ఇంకొందరు. రెండింటిలోనూ నిజముంది. చిక్కేమిటంటే, ఆయన జబ్బు మీద జాలి ఆయన నిర్ణయాల మీద తీర్పులోకి వచ్చేస్తుంది. ఆ నిర్ణయాల మీద కోపం ఆయన చూపిన ధైర్యాన్ని కనబడనివ్వదు. అందుకే ఒక్కో నిర్ణయాన్నీ విడిగా తీసి చూడాలి. ఆ రోజున ఆయనకు ఏం తెలుసు, చేతిలో ఎన్ని దారులున్నాయి అన్నవే నా దృష్టిలో అసలు ప్రశ్నలు.

రాజకీయం ఆయన ఇంట్లోనే ఉంది. తాత పాట్రిక్ లెనిహన్ లాంగ్‌ఫర్డ్–వెస్ట్‌మీత్ నుంచి ఎంపీ. తండ్రి బ్రయన్ లెనిహన్ సీనియర్ దాదాపు ముప్పై ఏళ్ల పాటు ఫియన్నా ఫాల్ పార్టీలో పెద్ద తలకాయ. 1967లో న్యాయశాఖ మంత్రిగా పుస్తకాల మీద సెన్సార్‌షిప్‌ను సడలించింది ఆయనే. మేనత్త మేరీ ఓరూర్క్ మంత్రిగా చేశారు. తమ్ముడు కానర్ కూడా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

అయితే ఆ పార్టీ తన తండ్రిని ఎలా చూసిందో కూడా కొడుకు కళ్లారా చూశాడు. 1990లో సీనియర్ లెనిహన్ అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఎనిమిదేళ్ల కిందటి ఒక ఫోన్ కాల్ గురించి ప్రచారం మధ్యలో రచ్చ లేచింది. చిరకాల మిత్రుడైన ప్రధానమంత్రి చార్లెస్ హాహీ ఆయన్ను మంత్రివర్గం నుంచి తీసేశారు. ఎన్నికలో మేరీ రాబిన్సన్ గెలిచారు. అంతకుముందు ఏడాది సీనియర్ లెనిహన్‌కు అమెరికాలో లివర్ మార్పిడి జరిగింది. ఆ చికిత్స కోసం దాతలు ఇచ్చిన డబ్బులో కొంత హాహీ తన సొంతానికి వాడుకున్నారని 2006లో మోరియార్టీ ట్రిబ్యునల్ అనే విచారణ సంఘం తేల్చింది. ఇంత జరిగాక కూడా ఆ కుటుంబం పార్టీని వదల్లేదు.

జూనియర్ లెనిహన్ 1959 మే 21న డబ్లిన్‌లో పుట్టారు. చిన్నతనం దేశం నడిబొడ్డున ఉన్న అథ్లోన్ పట్టణంలో గడిచింది. బెల్వెడీర్ కాలేజీలో స్కూలు చదువు, ట్రినిటీ కాలేజీలో, కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం. బారిస్టరుగా పనిచేస్తూ ట్రినిటీలో పాఠాలు కూడా చెప్పారు. 1995 నవంబర్‌లో తండ్రి చనిపోయాక, 1996 ఏప్రిల్‌లో డబ్లిన్ వెస్ట్ ఉపఎన్నికలో సోషలిస్టు జో హిగ్గిన్స్ మీద బొటాబొటి మెజారిటీతో బయటపడ్డారు. తర్వాత పదేళ్లకు పైగా క్యాబినెట్ పదవి దక్కలేదు. రాజ్యాంగ కమిటీకి అధ్యక్షుడిగా, పిల్లల వ్యవహారాల సహాయ మంత్రిగా నెట్టుకొచ్చారు. 2007లో న్యాయశాఖ వచ్చింది. అందులో ఏడాది కూడా పూర్తికాకముందే బర్టీ అహర్న్ దిగిపోయి బ్రయన్ కావెన్ ప్రధాని అయ్యారు. 2008 మే 7న లెనిహన్ చేతికి ఆర్థిక శాఖ వచ్చింది.

లాయరుగా ఆయన తెలివికి పేరుంది. ఆర్థికశాస్త్రం మాత్రం ఆయన చదువు కాదు. పదవిలోకి వచ్చిన కొన్ని వారాలకే, భవన నిర్మాణ రంగం కుదేలవుతున్న సమయంలోనే ఈ శాఖ నా పాలబడటం దురదృష్టం అని పైకే అనేశారు. అప్పట్లో ఆ మాటకు విమర్శలు వచ్చాయి. తర్వాత జరిగింది చూస్తే ఆ మాట తక్కువే అనిపిస్తుంది.

ఆయన చేతికి వచ్చిన దేశం పరిస్థితి ఏమిటో చూద్దాం. 1999లో యూరో వచ్చాక ఐర్లాండ్‌కు వడ్డీ రేట్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ (ఈసీబీ) నుంచి రావడం మొదలైంది. జర్మనీ, ఫ్రాన్స్‌లకు సరిపోయే ఆ తక్కువ వడ్డీ, పరుగులు తీస్తున్న ఐర్లాండ్‌కు ఏమాత్రం సరిపోదు. ఐరిష్ బ్యాంకులు డిపాజిట్లు చాలక విదేశీ మార్కెట్లలో బాండ్లు అమ్మి, తక్కువ కాలానికి అప్పులు తెచ్చి, వాటిని బిల్డర్లకు ఏళ్ల తరబడి తీర్చే అప్పులుగా ఇచ్చాయి. నలభై లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశంలో 2006 ఒక్క ఏడాదిలోనే 90 వేల దాకా ఇళ్లు కట్టారు. ప్రతి ఎనిమిది మంది ఉద్యోగుల్లో ఒకరు నిర్మాణ రంగంలోనే ఉండేవాళ్లు. స్టాంప్ డ్యూటీ, వ్యాట్, క్యాపిటల్ గెయిన్స్ పన్ను రూపంలో ప్రభుత్వానికి డబ్బు వచ్చిపడేది. ఆ డబ్బు చూసి ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గించారు, ఖర్చులు పెంచారు. ఇళ్ల రేట్లు పడగానే ఇటు బ్యాంకులు, అటు ఖజానా రెండూ ఒకేసారి దెబ్బతినేలా దేశం మొత్తం ఒకే గుంజకు కట్టేసి ఉంది.

వీటన్నిటిలో దూకుడైనది ఆంగ్లో ఐరిష్ బ్యాంక్. మామూలు జనంతో దానికి పెద్దగా పనిలేదు, వీధివీధికీ బ్రాంచీలూ లేవు. పెద్ద బిల్డర్లు, డెవలపర్లే దాని ఖాతాదారులు. 2008 నాటికి ఇచ్చిన అప్పులు 7,000 కోట్ల యూరోలు దాటాయి. దాన్ని చూసి మిగతా బ్యాంకులు కూడా మేమెందుకు వెనకబడాలని అదే దారి పట్టాయి. నియంత్రణ సంస్థ మెత్తగా ఉండటాన్నే గొప్పగా చెప్పుకునేది.

2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలింది. బ్యాంకులు ఒకదానికొకటి అప్పివ్వడం ఆపేశాయి. ఐర్లాండ్‌లో జనం డిపాజిట్లు తీసేస్తారేమోనన్న భయంతో లెనిహన్ సెప్టెంబర్ 20న డిపాజిట్ గ్యారంటీని 20 వేల యూరోల నుంచి లక్ష యూరోలకు పెంచారు. ఆ వారాల్లో ఆయన సలహా కోసం ఎక్కడెక్కడో వెతికారు. ఒక రాత్రి పొద్దుపోయాక ఆర్థికవేత్త, కాలమిస్టు డేవిడ్ మెక్‌విలియమ్స్ ఇంటికి వెళ్లి, వంటగదిలో కూర్చుని, పచ్చి వెల్లుల్లి రెబ్బలు నములుతూ మాట్లాడారు. ఈ సంగతి మెక్‌విలియమ్స్ తర్వాత రాయడంతో ఐర్లాండ్ అంతా చెప్పుకుంది. జనం దాన్ని వింతగా చూశారు కానీ, నాకు అందులో కనిపించేది వేరు. సొంత శాఖ అధికారుల దగ్గర దొరకని జవాబు కోసం ఒక మంత్రి బయటివాళ్ల తలుపు తట్టాల్సి వచ్చింది. ఆర్థిక శాఖలో ఆర్థికవేత్తల కొరత ఉందని, బ్యాంకింగ్ లోతు తెలిసినవాళ్లు తక్కువని తర్వాతి సమీక్షల్లో కూడా తేలింది.

సెప్టెంబర్ 29, సోమవారం. ఆంగ్లో షేరు ఆ ఒక్క రోజే 46 శాతం పడింది. ఇంకో రోజు గడిస్తే బ్యాంకు దగ్గర చెల్లింపులకు డబ్బుండదు. సాయంత్రం మెరియన్ స్ట్రీట్‌లోని ప్రభుత్వ భవనంలో ప్రధాని కావెన్, లెనిహన్, అటార్నీ జనరల్ పాల్ గాలఘర్, సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ జాన్ హర్లీ, నియంత్రణాధికారి పాట్రిక్ నియరీ, ఆర్థిక శాఖ అధికారులు కూర్చున్నారు. దేశంలోని రెండు పెద్ద బ్యాంకులు, ఏఐబీ, బ్యాంక్ ఆఫ్ ఐర్లాండ్‌ల ఛైర్మన్లు, సీఈఓలు కూడా వచ్చారు. వాళ్లను బయట గదిలో కూర్చోబెట్టి అవసరమైనప్పుడు లోపలికి పిలిచారు. అర్ధరాత్రి దాటాక మంత్రులకు ఫోన్లు చేసి క్యాబినెట్ ఆమోదం తీసుకున్నారు. ప్రభుత్వంలో భాగస్వామి అయిన గ్రీన్ పార్టీ నాయకుడు జాన్ గోర్మ్‌లీ ఫోన్ ఎత్తకపోతే ఇంటికి పోలీసులను పంపి నిద్రలేపారు. తెల్లారేసరికి ప్రకటన వచ్చింది: ఆరు బ్యాంకుల అప్పుల్లో దాదాపు అన్నిటికీ రెండేళ్ల పాటు ప్రభుత్వమే హామీ.

హామీ విలువ సుమారు 44,000 కోట్ల యూరోలు. దేశం ఏడాది మొత్తం సంపాదించేది 20,000 కోట్లకు లోపే. మన ఊళ్లలో పక్కింటాయన అప్పు పత్రం మీద జామీను సంతకం పెట్టడం లాంటిదే ఇది. ఆయన సవ్యంగా కట్టుకుంటే మన చేతి నుంచి పైసా పోదు. అందుకే అక్టోబర్‌లో లెనిహన్ ఇది ప్రపంచంలో ఇప్పటిదాకా అతి చవకైన బెయిలౌట్ అన్నారు. బ్యాంకుల దగ్గర డబ్బు తాత్కాలికంగా ఆడటం లేదు, అంతేతప్ప అవి దివాలా తీయలేదు అన్న నమ్మకంతో అన్న మాట అది. నియంత్రణ సంస్థ ఆయనకు అదే చెప్పింది. అది తప్పు. ఇచ్చిన అప్పుల్లో పెద్ద భాగం రాని బాకీలు.

ఆ అంకెల వెనక మోసం కూడా ఉంది. ఆ సెప్టెంబర్‌లోనే ఆంగ్లో, మరో సంస్థ కలిసి 700 కోట్ల యూరోలకు పైగా సొమ్మును అటూ ఇటూ తిప్పి, ఖాతాదారుల డిపాజిట్లు పెరిగినట్టు చూపించాయి. ఆ కేసులో ఆంగ్లో మాజీ సీఈఓ డేవిడ్ డ్రమ్‌కు 2018లో ఆరేళ్ల జైలు పడింది. 2013లో బయటికొచ్చిన బ్యాంకు ఫోన్ రికార్డింగుల్లో ఇంకో సంగతి తెలిసింది. సెంట్రల్ బ్యాంకును అడిగిన 700 కోట్ల అంకెకు లెక్కాపత్రం ఏమీ లేదని ఆంగ్లో అధికారులు తమలో తాము నవ్వుకుంటూ మాట్లాడుకున్నారు. ప్రభుత్వం ఒకసారి చెయ్యి పెట్టిందంటే ఇక వెనక్కి తీసుకోలేదన్నదే వాళ్ల లెక్క.

మరి లెనిహన్ తప్పు ఎంత? నా అభిప్రాయం ఇది. ఆ వారం ఏదో ఒక హామీ లేకుండా ఐర్లాండ్ బ్యాంకింగ్ వ్యవస్థ నిలబడేది కాదు. తర్వాత సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ అయిన పాట్రిక్ హోనహన్ 2010లో ఇచ్చిన నివేదిక కూడా దాదాపు ఇదే చెబుతుంది. తప్పంతా హామీ పరిధిలో ఉంది. డిపాజిట్‌దారులకు హామీ ఇవ్వాలి, సరే. కొత్తగా అప్పిచ్చేవాళ్లకు కూడా ఇవ్వొచ్చు. ఎప్పుడో కొన్న పాత దీర్ఘకాలిక బాండ్లు చేతిలో ఉన్నవాళ్లు ఆ రాత్రి పారిపోయేవాళ్లు కాదు, పారిపోలేరు. వాళ్లకు హామీ ఇచ్చి దేశం పొందింది ఏమీ లేదు. పైగా సబార్డినేటెడ్ బాండ్లలో ఒక రకానికి కూడా హామీ ఇచ్చారు. నష్టం వస్తే ముందు మేమే భరిస్తామని ఒప్పుకుని, అందుకు ఎక్కువ వడ్డీ తీసుకునేవాళ్లు ఆ బాండ్లు కొంటారు. ఎక్కువ వడ్డీ తిన్నవాళ్ల నష్టాన్ని పన్ను కట్టేవాళ్లు మోయాల్సిన పనేముంది? ఈ ఒక్క నిర్ణయాన్ని నేను ఏ కోణంలో చూసినా సమర్థించలేను.

అయితే ఆ తప్పు ఆయన ఒక్కరిదే అనడం కూడా న్యాయం కాదు. చట్టం పార్లమెంటుకు వచ్చినప్పుడు ప్రతిపక్షమైన ఫినె గేల్ అనుకూలంగా ఓటేసింది, షిన్ ఫేన్ కూడా వేసింది. వ్యతిరేకించిన పెద్ద పార్టీ లేబర్ ఒక్కటే. తర్వాతి ఎన్నికల్లో హామీని దుమ్మెత్తిపోసినవాళ్లలో చాలామంది ఆ రోజు దానికి చేయెత్తినవాళ్లే.

హామీ తర్వాత పదిహేను రోజులకే, డిసెంబర్‌లో రావాల్సిన బడ్జెట్‌ను అక్టోబర్ 14కు ముందుకు జరిపారు. దాన్ని దేశభక్తితో చేయాల్సిన పనికి పిలుపు అన్నారు లెనిహన్. అందులో 70 ఏళ్లు దాటిన అందరికీ ఉన్న ఉచిత వైద్య కార్డును ఇకపై ఆదాయం చూసి ఇస్తామన్నారు. వారం తిరిగేసరికి ముసలివాళ్లు వేల సంఖ్యలో డబ్లిన్ వీధుల్లోకి వచ్చారు. బ్యాంకర్లకు హామీ, మాకు కోతా అన్న వాళ్ల ప్రశ్నకు జవాబు లేదు. ప్రభుత్వం ఆదాయ పరిమితులు పెంచి చాలావరకు వెనక్కి తగ్గింది. తర్వాతి బడ్జెట్లలో నిరుద్యోగ భృతి, పిల్లల భత్యం తగ్గాయి. వృద్ధాప్య పెన్షన్‌ను మాత్రం లెనిహన్ ముట్టుకోలేదు. ఆ అక్టోబర్ దెబ్బ గుర్తుండే ఉంటుంది.

కోతలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. 2009 ఫిబ్రవరిలో ప్రభుత్వ ఉద్యోగుల మీద పెన్షన్ లెవీ. ఏప్రిల్‌లో అత్యవసర బడ్జెట్, ఆదాయ లెవీ రెట్టింపు. డిసెంబర్‌లో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలకే కోత: మొదటి 30 వేల యూరోల మీద 5 శాతం, ఆ పైన శ్లాబును బట్టి పది శాతం దాకా. ప్రధాని జీతం 20 శాతం, మంత్రులది 15 శాతం తగ్గింది. ఇంత చేసి, మన ప్రణాళిక పనిచేస్తోంది, మలుపు తిరిగాం అని సభలో ప్రకటించారు. ఆ మాట కూడా తర్వాత ఆయన్ను వెంటాడింది. నిరుద్యోగం 2007లో నాలుగున్నర శాతం దగ్గర ఉండేది, కొన్నేళ్లకు 15 శాతానికి చేరింది. చదువుకున్న పిల్లలు మళ్లీ ఆస్ట్రేలియా, కెనడా విమానాలు ఎక్కారు. వలసలు ఇక చరిత్రే అనుకున్న దేశానికి అది పెద్ద దెబ్బ.

2009 జనవరిలో ఆంగ్లోను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. దాని ఛైర్మన్ షాన్ ఫిట్జ్‌పాట్రిక్ తన అప్పులు ఏళ్ల తరబడి వాటాదారుల కంట పడకుండా దాచాడని బయటపడి, అంతకుముందు నెలలోనే దిగిపోయాడు. ఆ తర్వాత వచ్చింది నామా, అంటే జాతీయ ఆస్తుల నిర్వహణ సంస్థ. బ్యాంకుల దగ్గరున్న పెద్ద రియల్ ఎస్టేట్ అప్పులను నామా కొనేస్తుంది, బదులుగా ప్రభుత్వ హామీ ఉన్న బాండ్లిస్తుంది. బ్యాంకులు ఆ బాండ్లను ఈసీబీ దగ్గర తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకుంటాయి. మొత్తం 7,400 కోట్ల యూరోల అప్పులకు నామా ఇచ్చింది 3,180 కోట్లే, అంటే 57 శాతం తరుగు.

ఆ తరుగు అంకెతోనే అసలు గుట్టు రట్టయింది. అప్పటిదాకా బ్యాంకులు తమ అప్పులకు తామే విలువ కట్టుకునేవి. నామా ఒక్కో ఫైలూ తెరిచి చూస్తే, పత్రాలు సరిగా లేని తాకట్లు, ఒకే భూమి మీద రెండు బ్యాంకుల అప్పులు కనిపించాయి. బ్యాంకులకు ఎంత మూలధనం కావాలో తెలిసేకొద్దీ ప్రభుత్వం అప్పు పెరుగుతూ పోయింది. నామాను అప్పట్లో అందరూ తిట్టారు. అది 2017కల్లా తన ప్రధాన బాండ్లన్నీ తీర్చేసింది, చివరికి లాభం కూడా చూపించింది. లెనిహన్ చేసిన పనుల్లో కాలం గడిచేకొద్దీ మంచి పేరు తెచ్చుకున్నది ఇదేనని నా నమ్మకం. పాత కాపులను పక్కనపెట్టి ట్రినిటీ ప్రొఫెసర్ హోనహన్‌ను సెంట్రల్ బ్యాంక్ గవర్నర్‌గా, బెర్ముడా నుంచి మాథ్యూ ఎల్డర్‌ఫీల్డ్‌ను నియంత్రణాధికారిగా తేవడం కూడా ఆయన చేసిన మంచి పనే. ఆ ఇద్దరూ ప్రభుత్వానికి ఇబ్బందికరమైన నిజాలు చెప్పడానికి వెనకాడలేదు.

2009 డిసెంబర్‌లో, జీతాల కోత బడ్జెట్ అయిన కొద్ది రోజులకే, లెనిహన్‌కు ప్యాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. క్రిస్మస్ మరునాడు ఒక టీవీ ఛానల్ ఆ వార్త ప్రసారం చేసింది. ఇంటిల్లిపాదికీ చెప్పుకునే వ్యవధి కూడా ఇవ్వలేదని జనం ఆ ఛానల్ మీద మండిపడ్డారు. జనవరి 4న ఆయనే రేడియోలో మాట్లాడి, జబ్బేమిటో, చికిత్సేమిటో దాపరికం లేకుండా చెప్పి, పనిలో కొనసాగుతానన్నారు. కీమోథెరపీ, రేడియోథెరపీ నడుస్తుండగానే యూరప్ సమావేశాలకు తిరిగారు. 2010 ఆగస్టు 22న బీల్ నా బ్లాలో జరిగే మైకేల్ కాలిన్స్ సంస్మరణ సభలో ప్రసంగించారు. కాలిన్స్ 1922 అంతర్యుద్ధంలో అక్కడే చనిపోయారు, ఆయన కూడా ఒకప్పటి ఆర్థిక మంత్రే. ఆ యుద్ధంలో అవతలి పక్షం నుంచి పుట్టిన పార్టీ ఫియన్నా ఫాల్. ఆ పార్టీ నాయకుడొకరు ఆ వేదిక మీద మాట్లాడటం అదే మొదటిసారి. రాజకీయాల మీద ఆసక్తి ఉన్న ప్రతి ఐరిష్ కుటుంబానికీ ఆ పిలుపు బరువేమిటో తెలుసు.

ఆ సెప్టెంబర్‌లో రెండేళ్ల హామీ గడువు ముగిసింది. హామీ ఉందనే అప్పిచ్చినవాళ్లు ఆ తేదీకల్లా డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. కొత్తవాళ్లు రాలేదు. ఆ ఖాళీని పూడ్చడానికి ఐరిష్ బ్యాంకులు ఈసీబీ, ఐరిష్ సెంట్రల్ బ్యాంకుల నుంచి తీసుకున్న సొమ్ము 10,000 కోట్ల యూరోలు దాటింది. సెప్టెంబర్ 30న ఆంగ్లో ఒక్కదానికే కనీసం 2,930 కోట్లు కావాలని లెనిహన్ ప్రకటించారు. దాంతో ఆ ఏడాది బడ్జెట్ లోటు జీడీపీలో 32 శాతానికి వెళ్లింది. యూరో దేశాల పరిమితి 3 శాతం. అక్టోబర్ 18న ఫ్రాన్స్‌లోని డోవిల్‌లో జర్మనీ, ఫ్రాన్స్ అధినేతలు మెర్కెల్, సర్కోజీ కలిసి, ఇకపై దేశాలకు బెయిలౌట్ ఇవ్వాల్సి వస్తే అప్పిచ్చినవాళ్లు కూడా నష్టం పంచుకోవాలన్నారు. ఆ మాటతో ఐర్లాండ్ బాండ్ల వడ్డీ అమాంతం పెరిగింది.

నవంబర్ మధ్యలో ఐఎంఎఫ్‌తో చర్చలేమీ లేవని మంత్రులు టీవీల్లో చెబుతూనే ఉన్నారు. 18వ తేదీ పొద్దున హోనహన్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఐర్లాండ్ రేడియోకు ఫోన్ చేసి, వేల కోట్ల యూరోల రుణం రాబోతోందని చెప్పేశారు. అదే రోజు ఐఎంఎఫ్ బృందం డబ్లిన్‌లో దిగింది. దానికి నాయకుడు భారతీయ మూలాలున్న అజయ్ చోప్రా. బృందంలో ఐఐటీ మద్రాసులో చదివిన అశోక మోదీ కూడా ఉన్నారు. చోప్రా వీధిలో ఒక బిచ్చగాడి పక్కనుంచి నడిచి వెళ్తున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఐర్లాండ్ వాళ్లకు ఆ ఫొటో ఇప్పటికీ గుర్తే.

మరునాడు, నవంబర్ 19న, ఈసీబీ అధ్యక్షుడు జాన్-క్లోడ్ ట్రిషే లెనిహన్‌కు ఒక ఉత్తరం రాశారు. బెయిలౌట్‌కు దరఖాస్తు చేసుకుంటామని రాతపూర్వకంగా మాట ఇస్తేనే ఐరిష్ బ్యాంకులకు అత్యవసర నిధులు కొనసాగుతాయని దాని సారాంశం. ఆ నిధులు ఆగితే ఏటీఎంలు ఖాళీ. ఈ ఉత్తరాన్ని ఈసీబీ 2014 నవంబర్ దాకా బయటపెట్టలేదు. అప్పటికి లెనిహన్ పోయి మూడేళ్లు దాటింది. ఈసీబీ తోసేసినట్టు బెయిలౌట్‌లోకి నెట్టిందని ఆయన చివరి రోజుల్లో చెప్పినప్పుడు, తప్పు కప్పిపుచ్చుకుంటున్నారని చాలామంది కొట్టిపారేశారు. ఉత్తరం చదివాక ఆ మాట అనడం కష్టం. అదే సమయంలో, ఈసీబీ దగ్గర అంత అప్పు పేరుకుపోవడానికి 2008 హామీయే ఒక కారణం. ఈ రెండు నిజాలూ ఒకేసారి చెప్పాలి.

నవంబర్ 28న 8,500 కోట్ల యూరోల ప్యాకేజీ కుదిరింది. అందులో బయటి నుంచి వచ్చేది 6,750 కోట్లు. మిగతా 1,750 కోట్లు ఐర్లాండ్ సొంత డబ్బు, అందులో ఎక్కువ భాగం రేపటి పెన్షన్ల కోసం దాచిన నిధి. వడ్డీ సగటున 5.8 శాతం. సీనియర్ బాండ్‌దారులకు, అంటే ముందుగా తిరిగి చెల్లించాల్సిన బాండ్లున్నవాళ్లకు, నష్టం పంచడానికి ఈసీబీ ససేమిరా అంది, సబార్డినేటెడ్ బాండ్‌వాళ్లు మాత్రం తర్వాత చాలావరకు నష్టపోయారు. కార్పొరేట్ పన్ను 12.5 శాతం నుంచి పెంచమని ఫ్రాన్స్, జర్మనీల నుంచి ఒత్తిడి వచ్చింది. లెనిహన్ దాని దగ్గర మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. ఐర్లాండ్‌కు వచ్చిన అమెరికా టెక్, ఫార్మా కంపెనీలు అక్కడే ఉండిపోవడంలో, ఆ తర్వాత మనవాళ్లెందరికో అక్కడ ఉద్యోగాలు రావడంలో ఆ పట్టుదలకు భాగముంది. మిగతా యూరప్ దీన్ని అన్యాయమైన పోటీ అంటుంది. ఆ వాదనలో బలముందని ఒప్పుకుంటూనే, ఆ రోజు ఐర్లాండ్ మంత్రిగా ఆయన చేయగలిగింది అదేనంటాను.

2011 ఏప్రిల్‌లో బీబీసీ రేడియోతో ఆయన ఆ రోజుల గురించి మాట్లాడారు. ఒప్పందం కోసం బ్రస్సెల్స్ వెళ్లినప్పుడు, విమానాశ్రయంలో ఒంటరిగా కూర్చుని, బయట కరుగుతున్న మంచును చూస్తూ, ఇంతకుముందు ఏ ఐరిష్ మంత్రికీ ఈ గతి పట్టలేదు కదా అనుకున్నానని చెప్పారు. ఈ రోజు రాకూడదనే రెండున్నరేళ్లు పోరాడాను అన్నారు.

ప్రభుత్వం ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. జనవరిలో కావెన్ మీద పార్టీలో తిరుగుబాటు లేచింది. లెనిహన్ లోపల అసమ్మతివాదులను ప్రోత్సహించి, పైకి కావెన్‌కు మద్దతిచ్చారని కొందరు ఎంపీలు బాహాటంగానే ఆరోపించారు. కావెన్ పార్టీ పదవి వదులుకున్నాక లెనిహన్ నాయకత్వానికి పోటీ చేశారు, మీహోల్ మార్టిన్ గెలిచారు. ఫిబ్రవరి 25 ఎన్నికల్లో, 2007లో 78 స్థానాలున్న ఫియన్నా ఫాల్ 20కి పడిపోయింది. డబ్లిన్ నగరం, చుట్టుపక్కల అన్నిటిలో ఆ పార్టీ నుంచి గెలిచింది ఒక్కరే, డబ్లిన్ వెస్ట్‌లో లెనిహన్. కోతలన్నీ తన చేత్తో పెట్టిన మంత్రిని ఆ నియోజకవర్గం మళ్లీ పంపింది. జూన్‌లో ఆయన పోయాక, అక్టోబర్ ఉపఎన్నికలో ఆ సీటు లేబర్‌కు వెళ్లింది.

2015లో పార్లమెంటు కమిటీ బ్యాంకుల పతనం మీద సాక్ష్యాలు తీసుకుంది. అప్పటి ఆర్థిక శాఖ సీనియర్ అధికారి కెవిన్ కార్డిఫ్, 2008 సెప్టెంబర్ 29 రాత్రి ఆంగ్లోను వెంటనే ప్రభుత్వపరం చేద్దామని లెనిహన్ వాదించారని చెప్పారు. ఆయన మాటను తాను తోసిపుచ్చలేదని కావెన్ అన్నారు. ఇద్దరిలో ఎవరి జ్ఞాపకం సరైందో చెప్పాల్సిన మూడో మనిషి లేరు. ఇది చిన్న విషయం కాదు. ఎందుకంటే బ్యాంకుల్లోకి ప్రభుత్వం పోసిన మొత్తం సుమారు 6,400 కోట్ల యూరోల్లో, బ్యాంక్ ఆఫ్ ఐర్లాండ్‌లో పెట్టింది 2022 నాటికి లాభంతో వెనక్కి వచ్చింది. ఏఐబీలో పెట్టిన దాదాపు 2,000 కోట్లలో అత్యధిక భాగం వాటాల అమ్మకంతో 2025కల్లా తిరిగొచ్చింది. ఆంగ్లోలో, ఐరిష్ నేషన్‌వైడ్ అనే గృహరుణ సంస్థలో పోసిన 3,470 కోట్లలో మాత్రం దాదాపు ఏమీ రాలేదు. అయితే ఆ రాత్రి ప్రభుత్వపరం చేసినంత మాత్రాన ఆ డబ్బు మిగిలేది కాదు. పాత బాండ్‌దారులను హామీ బయట ఉంచితేనే మిగిలేది. లెనిహన్ ఆ రాత్రి ఆ రెండో మాట కూడా అన్నారా అన్నది కమిటీ ముందుకు వచ్చిన సాక్ష్యాల్లో తేలలేదు.